ముబారక్ అల్ కబీర్‌లో గురమ్మ సెంటరు

గురమ్మ కువైట్‌లో దిగిన మొదటి వారం ఆమె పనికి కుదిరిన ఇంటి యజమానికి ఒక్క గుడ్డు కూడా దక్కలేదు.

తప్పు ఆమెది కాదు, గుడ్లది. ముబారక్ అల్ కబీర్‌లోని ఆ ఇంట్లో ఫ్రిజ్ తెరిచి చూస్తే అట్టపెట్టె నిండా గుడ్లు, ప్రతి గుడ్డు మీదా ఎర్రటి ముద్ర. గురమ్మ ముద్ర గుడ్లు ఎరగని మనిషి కాదు. అన్నమయ్య జిల్లాలో చిన్నమండెం పక్కన ఎర్రగుట్లపల్లె అంగన్‌వాడీలో పదేళ్లకు పైగా ఆయాగా పనిచేసింది. సర్కారు గుడ్లు దారి తప్పి అంగళ్లకు చేరకుండా అక్కడ వాటి మీద రంగు ముద్ర వేసి పంపుతారు. ముద్ర ఉన్న గుడ్డు కడుపుతో ఉన్నవాళ్లకు, పాలిచ్చే తల్లులకు, పసిపిల్లలకు. ఇంకెవరి నోట్లోకి పోయినా అది దొంగసొత్తే. ఇక్కడి ముద్ర గుడ్డు పెట్టెకెక్కిన తేదీ అనీ, అది అరబ్బీలో ఉందనీ చెప్పేవాళ్లు లేక, ఈ దేశంలో కూడా సర్కారు బాగానే నడుస్తోందని గురమ్మ సంతోషించింది. ఇంట్లో మూడేళ్లు నిండని పిల్లవాడు ఒకడున్నాడు. కాబట్టి గుడ్లన్నీ వాడివే.

ఇంటి యజమానిని పనివాళ్లు బాబా అంటారు. బాబా పొద్దున ఆఫీసుకు పోయే ముందు గుడ్డు అడిగాడు. గురమ్మ చీజు ముక్క పెట్టింది. మర్నాడూ అడిగాడు, మర్నాడూ చీజే వచ్చింది. చివరకు తానే లేచి ఫ్రిజ్‌లోంచి గుడ్డు తీసుకుంటే, ఆమె దాన్ని ఆయన చేతిలోంచి సుతారంగా తీసుకుని మళ్లీ పెట్టెలో పెట్టి, పిల్లవాడిని చూపించి తల అడ్డంగా ఊపింది. తన పొట్ట గురించి ఈమధ్య భార్య అంటున్న మాటలు ఆయనకు గుర్తొచ్చాయి. ఇది పైనుంచి వచ్చిన ఆజ్ఞే అయివుంటుందనుకుని చీజు ముక్కే తిని వెళ్లిపోయాడు.

ఆ ఇంటి డ్రైవరు షావలిది రాయచోటి. సంగతి బయటపెట్టింది అతనే.

"అక్కా, అది డేటు. ఎప్పుడు పెట్టినారో రాసింటారు. సర్కారుదీ కాదు, ఏమీ కాదు. జమియాలో కొనుక్కొచ్చింది నేనే," అన్నాడు. జమియా అంటే పేటకొకటి ఉండే సహకార దుకాణం.

"అట్లనా. మరి ఆయప్ప నాకు చెప్పల్ల గదా," అంది గురమ్మ. బాబాకు ఆ శుక్రవారం రెండు గుడ్ల అట్టు వేసి పెట్టింది గానీ, వేస్తున్నంతసేపూ ఆమె మొహంలో అయిష్టం పోలేదు.

ఊళ్లో బోర్లు ఎండి, టమోటా పంట వరసగా చెయ్యిచ్చాక, పల్లెలో సగం మంది ఆడవాళ్లు నడిచిన దారినే గురమ్మ కూడా కువైట్ విమానమెక్కింది. ఆయా పోస్టు వదిలేసి వచ్చిందని ఎవరైనా అంటే మాత్రం ఒప్పుకోదు. "లీవులో ఉండా," అంటుంది. ఆ లీవు సంగతి ప్రభుత్వానికి తెలియదు. అంగన్‌వాడీలో ఆమె పని ఊడవడం, వండడం, ఇంటింటికీ పోయి పిల్లల్ని చంకన వేసుకు రావడం. చెప్పేటప్పుడు మాత్రం టీచరు అరుణజ్యోతి ఆమె కింద పనిచేసినట్టూ, కలెక్టరు అప్పుడప్పుడూ వచ్చి సలహా అడిగి పోయినట్టూ ఉండేది. ఒక్క విషయంలో అబద్ధం లేదు. ఆమె చేతి కింద పళ్లెంలో మెతుకు మిగిల్చిన పిల్ల లేదు.

ఆ గొప్పను మంటగలపడానికే పుట్టినట్టున్నాడు బద్ర్.

బద్ర్ ఆ ఇంటి పిల్లవాడు. గుండ్రటి మొహం, గిరజాల జుట్టు. గురమ్మ పప్పన్నం కలిపితే నోరు బిగించేవాడు. చందమామ లేని వేళ చందమామను చూపించింది, పిల్లి లేని చోట పిల్లిని పిలిచింది. ముద్ద నోటి దాకా పోయేది, తిరిగొచ్చేది. ముప్పై మందిని ఒంటిచేత్తో మేపిన మనిషి ఒక్కడి ముందు ఓడిపోయింది. చివరికి వాడు ఆమె దగ్గర నేర్చుకున్న మొదటి తెలుగు మాట "ఒద్దుపో" అయింది. వాడి తల్లి దలాల్, పనివాళ్లకు మామా, అంటే అమ్మగారు, మిర్కాబ్‌లో ఏదో ఆఫీసులో ఉద్యోగం. సాయంత్రం ఇంటికొచ్చి ముద్దు పెట్టబోతే కొడుకు "ఒద్దుపో" అన్నాడు. ఆమె కంగారుపడి, పిల్లవాడికి మాటలు సరిగా రావడం లేదేమోనని షావలిని అడిగింది.

"వస్తున్నాయి మామా. మా జిల్లావి వస్తున్నాయి," అన్నాడు షావలి.

తినని పిల్ల బరువు తగ్గుతుంది. తగ్గిందో లేదో తెలియాలంటే తూచాలి. ఇది గురమ్మకు నెలనెలా అలవాటైన పని. ఈ ఇంట్లో తూనిక యంత్రం ఉంది గానీ అది బాబా ఎక్కేది, బాత్‌రూమ్‌లో ఉంటుంది, ఎప్పుడూ ఒకే అంకె చూపిస్తుంది. ఎప్పుడు చెడిందో ఆ అంకె దగ్గరే బిగుసుకుపోయింది. కాబట్టి కూరగాయలకని జమియాకు పోయినప్పుడు, తూకం దగ్గర ఉండే బంగ్లాదేశ్ మనిషి టీకి పోయిన అదను చూసి, గురమ్మ బద్ర్‌ను ఎత్తి కాటా మీద కూర్చోబెట్టింది. ఏదో ఒకటి నొక్కితే గానీ పలకదనిపించి ఒక బొమ్మ మీద నొక్కింది. యంత్రం గురగురమని ఒక చీటీ కక్కింది. బద్ర్‌కు ఆ చీటీ తెగ నచ్చి దాన్ని తీసి తన చొక్కా మీద అతికించుకున్నాడు. అంతలో తూకం మనిషి గ్లాసుతో తిరిగొచ్చి, కాటా మీద కాళ్లూపుతూ కూర్చున్న సరుకును చూసి అక్కడే ఆగిపోయాడు.

"ఏం లేదు బాయీ, ఖలాస్," అని గురమ్మ పిల్లవాడిని దింపుకుని, కూరగాయలు మరిచిపోయి బయటికి నడిచింది.

సాయంత్రం మామా కొడుకు చొక్కా మీది చీటీ చదివింది. మళ్లీ చదివింది. ఆ ఇంట్లో అరబ్బీ చదువు లేనిది గురమ్మకొక్కదానికే కాబట్టి, అందులో "ఉర్లగడ్డలు, పదహారు కిలోలు" అని ఉందని చివరగా తెలిసింది ఆమెకే. కొడుకు బంగాళాదుంపగా తేలినందుకు మామా కోప్పడదామనుకుంది. ముక్కుపుటాలు అదిరాయి, పెదవులు బిగించింది, తర్వాత లోపలి గదిలోకి పోయి తలుపేసుకుంది. లోపలినుంచి వచ్చిన శబ్దం ఏడుపో నవ్వో గురమ్మకు అంతుబట్టలేదు. షావలి మాత్రం ఈ కథను శుక్రవారం లోపల కువైట్‌లో ఉన్న రాయచోటి వాళ్లందరికీ చేరవేశాడు. కొన్నాళ్లపాటు ఆమె ఫోనెత్తితే అవతలివాళ్లు "ఉర్లగడ్డ గురమ్మక్కేనా" అని అడిగి మరీ మాట్లాడేవాళ్లు.

మర్నాడు మామా ఇద్దరినీ వెంటబెట్టుకుని పేటలోని సర్కారు క్లినిక్‌కు తీసుకుపోయింది. "నీ కళ్లతో చూసుకో," అంది.

క్లినిక్‌లో కేరళ నర్సు బద్ర్‌ను సరైన కాటా మీద నిలబెట్టింది, గోడకు ఆనించి ఎత్తు కొలిచింది, కార్డు మీద చుక్క పెట్టింది. పైకి పోయే ఆ గీతలు చూడగానే గురమ్మకు ప్రాణం లేచొచ్చింది. రంగులు వేరేగాని ఇలాంటి కార్డులే తన సెంటరులోనూ ఉంటాయి. చుక్క ఎక్కడ పడిందోనని మెడ సాచింది. చుక్క నడిమి గీత మీద కూడా లేదు. దానికి పైన ఉంది.

నర్సు హిందీలో అంది, "బిడ్డ బాగున్నాడు. ఇంకాస్త పైకి పోతే తిండి తగ్గించమని నేనే చెప్పాల్సి వస్తుంది. ఇంతకీ ఏం పెడుతున్నారు?"

"ఏమీ తినడు సిస్టర్," అంది గురమ్మ నీరసంగా.

నర్సు బద్ర్ బుగ్గను చూసింది, గురమ్మను చూసింది, పక్క బిడ్డను పిలిచింది.

ఆ రోజునుంచి గురమ్మ నిఘా పెట్టింది. దొంగలు ఇద్దరు తేలారు. ఒకడు షావలి, కారెక్కినప్పుడల్లా బద్ర్‌కు బిస్కెట్టు పొట్లం ఇస్తాడు. రెండో మనిషి బాబా తల్లి. పనివాళ్లు ఆమెను మామా కబీరా అంటారు, పెద్ద మామా అని అర్థం. కింది అంతస్తులో ఉంటుంది. గురమ్మ ఒకరోజు కబురు లేకుండా ఆ గదిలోకి పోయేసరికి బద్ర్ నాయనమ్మ ఒడిలో కూర్చుని, ఒక్కో బుగ్గలో ఒక నేతి ఖర్జూరం పెట్టుకుని, పక్కన గోధుమలూ మాంసమూ మెత్తగా ఉడికించిన హరీసు గిన్నె ఖాళీ చేసి, ప్రశాంతంగా ఉన్నాడు.

"నువ్వు పెట్టేది తినడం లేదు కదా పాపం. పసివాడు ఆకలితో ఉంటాడని పెడుతున్నాను," అంది ముసలామె.

"మీరు పెడ్తాంటే నేను పెట్టేది ఎట్ల తింటాడు మామా," అంది గురమ్మ వచ్చీరాని అరబ్బీలో.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. పిల్లల్ని పెంచిన ఆడవాళ్లు ఇద్దరు ఇలా చూసుకుంటే దానికి అనువాదం అక్కర్లేదు. ఖర్జూరాలు మధ్యాహ్నం బువ్వ అయినాక అని ఒప్పందం కుదిరింది. షావలితో ఒప్పందం లేదు. చీవాట్లే.

ఆ చలికాలంలో మామాకు మళ్లీ నెల తప్పింది. పొద్దున లేస్తే వాంతులు. ఒక కప్పు కాఫీ గుటకేసి ఆఫీసుకు పరిగెత్తేది. క్లినిక్‌లో ఇచ్చిన ఇనుము బిళ్లలు హ్యాండ్‌బ్యాగులో పెట్టినవి పెట్టినట్టే ఉండేవి.

"బిళ్లలు సంచిలో ఉంటే రక్తం సంచికి పడ్తాది," అని గురమ్మ షావలితో గొణిగింది. మర్నాడు ఉడికించిన గుడ్డూ, గ్లాసుడు పాలూ, ఒక బిళ్లా పళ్లెంలో పెట్టుకుని మామా గదికి పోయి తలుపు దగ్గర నిలబడింది.

"అక్కడ పెట్టి వెళ్లు. తింటాను," అంది మామా.

"లా, కుదరదు మామా. నా ముందరే."

"నేనేమైనా బద్ర్‌నా?"

"బద్ర్ అయితే ఈపాటికి సగం తినింటాడు."

మామాకు నిజంగానే కోపం వచ్చింది. చదువుకున్న మనిషి, ఆఫీసులో పదిమందికి పైఅధికారి. "మీ ఊళ్లో కూడా ఇలాగే ఆడవాళ్ల నెత్తిన నిలబడేదానివా?" అంది.

"నిలబడేదాన్ని మామా. దానికి ముందు నా నెత్తిన ఒకామె నిలబడింది," అంది గురమ్మ. ఇంకా పళ్లెం దించలేదు. తనకొచ్చిన అరబ్బీలో, చాలని చోట చేతులతో, చెప్పుకొచ్చింది.

మొదటి కానుపప్పుడు ఆమె కూడా అంగన్‌వాడీకి పోయేది. గుడ్డును కొంగులో కట్టుకుని ఇంటికి తెచ్చి మొగుడికి పెట్టేది. ఆయన బావులు తవ్వే మనిషి, ఒళ్లు హూనం చేసుకుని వచ్చేవాడు. మరో రోజు గుడ్డు అత్తకు. అలా పెడితే మంచి కోడలనే పేరొచ్చింది. బిడ్డ మాత్రం పిల్లిపిల్లలా పుట్టింది. చేతిలో ఉన్నట్టే తెలిసేది కాదు. నెలల తరబడి గుండెకు కట్టుకుని తిరిగింది. రెండోసారి కడుపుతో ఉన్నప్పుడు అరుణజ్యోతి టీచరు ఆమెను సెంటరు గడప దాటనివ్వలేదు. గుడ్డు మింగి నోరు తెరిచి చూపించి పొమ్మంది. మొగుడు ఏమనుకుంటాడో అని గురమ్మ నసిగితే, ఆ టీచరు అందరి ముందూ అంది, "నీ మొగుడికి గుడ్డు కావాలంటే ఆయప్పను కూడా కడుపుతో ఉండమను."

మామా నోట్లో అప్పటికే గుడ్డు ముక్క ఉంది. ఎప్పుడు పెట్టుకుందో ఆమెకే తెలియలేదు. నవ్వు ఆపుకోలేక పొలమారింది. గురమ్మ పాలు అందించింది. ఆ పాలతోనే బిళ్ల కూడా లోపలికి పోయింది.

కాసేపటికి మామా మెల్లగా అడిగింది, "ఆ పెద్ద పాప ఎలా ఉంది?"

"వెంకటేశ్వరి. బాగుంది మామా. కొంచెం పొట్టి. నోరు మాత్రం ఊరవతలికి వినపడ్తాది."

ఆ తర్వాత పళ్లెం దగ్గర తగవు లేదు. ఆ టీచరు మాటను మామా ఆ సాయంత్రమే మొగుడికి చెప్పినట్టుంది. భోజనాల దగ్గర బాబా గురమ్మ వంక ఒకసారి అనుమానంగా చూసి, పొట్ట లోపలికి లాక్కున్నాడు.

శుక్రవారాలు ఆ ఇంట్లో సంత. బాబా అక్కచెల్లెళ్లంతా పిల్లల్ని తీసుకుని తల్లి దగ్గరికి వస్తారు. ఒక్కో పిల్లకు ఒక్కో ఆయా. ఒక్కో ఆయా చేతిలో ఒక గిన్నె, ఒక చెంచా, ఆడుతున్న బొమ్మల ఫోను. పిల్లలు సోఫాల మీదినుంచి దూకుతుంటారు, ఆయాలు చెంచాలతో వెంటపడుతుంటారు. తల్లులు టీ తాగుతూ మా వాడు ఏమీ తినడంటే మా వాడు ఏమీ తినడని చెప్పుకుంటారు. గురమ్మ కొన్ని శుక్రవారాలు చేతులు కట్టుకుని చూసింది. చేతులు దురదపెట్టాయి. ఒక శుక్రవారం ఇక పట్టలేకపోయింది.

హాలు పక్క వసారాలో పొడుగ్గా ప్లాస్టిక్ చాప పరిచింది. బద్ర్‌ను మొదట కూర్చోబెట్టింది. వాడికి ఈ విద్య ముందే వచ్చు, బాసింపట్టు వేసుకుని, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, గవర్నరులా కూర్చున్నాడు. గురమ్మ చప్పట్లు కొట్టింది.

"యల్లా యల్లా, రండి రండి, వరసా. చేతులు పైకీ, చేతులు కిందికీ, బువ్వ నోట్లోకీ."

కొత్త ఆటేమో అనుకుని ఒక పిల్ల వచ్చి కూర్చుంది. ఆ పిల్లను చూసి దాని తమ్ముడు. వాళ్లను చూసి తక్కినవాళ్లు. అందరికీ ఒకే రకం పళ్లెం, ఒకే పప్పన్నం, మీద నెయ్యి, నలిపిన గుడ్డు. పక్కవాడి పళ్లెంలో తగ్గుతుంటే తన పళ్లెంలో మిగలడం ఏ పిల్లకైనా అవమానమే, అది ఎర్రగుట్లపల్లెలోనైనా కువైట్‌లోనైనా. ఫిలిప్పీన్స్ ఆయా తన ఫోను ఆపేసింది. ఇథియోపియా ఆయా చెంచా పట్టుకుని పని లేక నిలబడింది. ఫోన్లో బొమ్మలు లేకుండా ముద్ద మింగదని పేరున్న పెద్దమ్మాయి పళ్లెం ముందుకు తోసి "బువ్వ" అంది. దాని తల్లి టీకప్పుతో సహా లేచి నిలబడింది.

మామా కబీరా చేతికర్ర పట్టుకుని వచ్చి, వరస చివర కుర్చీ వేయించుకుని, "నా పళ్లెం ఏది?" అంది.

"సెంటరులో పిల్లలకూ తల్లులకే మామా. రూలు," అంది గురమ్మ.

"తొమ్మిదిమందిని కన్నాను."

గురమ్మ ఆలోచించింది. "అయితే పాలిచ్చే తల్లుల కింద రాసుకుంటా," అని పళ్లెం పెట్టింది.

ఆ సాయంత్రమే అరుణజ్యోతి టీచరుకు ఫోను కలిపింది. "టీచరమ్మా, కువైట్‌లో సెంటర్ తెరిచినా. ఈ దినం ఒక్క మెతుకు మిగల్లా."

అవతల టీచరు అలసిన గొంతుతో అడిగింది, "పేర్లన్నీ యాప్‌లో ఎక్కించినావా గురమ్మా? ముఖాలు ఫోన్లో పట్టించినావా?"

"అదేం లేదు టీచరమ్మా. వచ్చినోళ్లకు పెట్టినా."

"అదృష్టవంతురాలివి," అంది టీచరు. తల్లి ముఖాన్ని సర్కారు యాప్ గుర్తుపడితే గానీ అక్కడ సరుకు ఇవ్వకూడదు, ఆమె ఫోనేమో సర్వరు కోసం పొద్దుటినుంచి తిరుగుతూనే ఉందట.

శుక్రవారం సెంటరు అలా స్థిరపడింది. ఆడబిడ్డలు ఒకరి వెనక ఒకరు గురమ్మను పక్కకు పిలిచి, మా ఇంటికి వస్తావా అని అడిగారు. ఈ మాట మామా చెవిన పడి, వదినా ఆడబిడ్డల మధ్య కొంతకాలం చల్లగాలి వీచింది. గురమ్మ ఎటూ పోలేదు గానీ, పోతానేమో అన్నట్టు నడవడం మాత్రం నేర్చుకుంది.

ఎండలింకా మండుతున్న రోజుల్లో మామాకు ఆడపిల్ల పుట్టింది. నిండు బరువు. పేరు మునీరా. ఆఫీసుకు ప్రసూతి సెలవు పెట్టి మామా ఇంట్లోనే ఉంది. పిల్ల పాలు తాగడం, నిద్రపోవడం, గురమ్మ చేతుల్లో ఒళ్లు విరుచుకోవడం, ఇదే లోకంగా ఇల్లంతా నడిచింది. రెండు నెలలు నిండగానే టీకాలకని మళ్లీ ఆ క్లినిక్‌కే బయలుదేరారు.

మామా దారిలోనే చేతులెత్తేసింది. "నాకు సూది చూస్తే కళ్లు తిరుగుతాయి. పాపను నువ్వే పట్టుకో."

"ఇయ్యి మామా. ఇది నాకు చిటికెలో పని," అంది గురమ్మ. అబద్ధం కాదు. పల్లెలో టీకాల రోజున పిల్లల్ని పట్టేది ఆమే. పెనుగులాడే వాడిని రెండు మోకాళ్ల మధ్య ఇరికించి, కన్నీళ్లు పెట్టుకునే తల్లిని "సూది నీకా, వానికా" అని అదిలించిన మనిషి.

నర్సు సూది సిద్ధం చేసుకుంది. గురమ్మ పాప తొడ బట్ట పైకి జరిపి, గట్టిగా పట్టుకుంది. అప్పుడే మునీరా తలెత్తి గురమ్మ మొహంలోకి చూసి, బోసినోటితో నవ్వింది. నవ్వడం వచ్చి ఇంకా వారం కాలేదు.

"ఒక్క నిమిషం సిస్టర్," అంది గురమ్మ.

నర్సు ఆగింది.

"ఒక్క నిమిషం. నీళ్లు తాగొస్తా."

"పాపను పట్టుకునే పోతారా నీళ్లకు?" అంది నర్సు.

గురమ్మ పాపను గుండెకు అదుముకుని రెండడుగులు వెనక్కి వేసింది. చివరకు మామాయే లేచి, కళ్లు గట్టిగా మూసుకుని, బిడ్డను తీసుకుంది. గురమ్మ గోడవైపు తిరిగి చెవులు మూసుకుంది. పాప కెవ్వుమంది, రెండోసారి కూడా కెవ్వుమంది, తల్లి రొమ్ము దొరకగానే మరిచిపోయింది. గురమ్మ మాత్రం కొంగు తడిసేదాకా ఆపలేదు. నర్సు ఆమె చేతికి టిష్యూ పొట్లం మొత్తం ఇచ్చేసింది.

కారు దగ్గర షావలి ముగ్గురి మొహాలూ చూసి, "ఎవరికేసినారక్కా సూది?" అన్నాడు.

ఇంటిదాకా గురమ్మ పాప తొడ మీద చెయ్యి తీయలేదు, నోరు మూయలేదు. "పసిబిడ్డను ఇట్లనా పొడిచేది. మా పల్లె నర్సమ్మ అయితే ఏసినట్టే తెలీదు. చీమ గూడా కుట్టినట్టుండదు." ఆ నర్సమ్మ వచ్చిందంటే పిల్లలు మంచాల కింద దూరేవాళ్లని షావలికి ఇదివరకు చెప్పింది గురమ్మే.

"మళ్లీ రెండు నెలలకు రమ్మన్నారు," అంది మామా, కార్డు చూస్తూ.

గురమ్మ కిటికీలోంచి బయటికి చూసింది.

"ఆ దినం నాకు ఇంట్లో శానా పనుంది మామా," అంది.